చలిపొద్దుల చప్పుడు

మూడోసారి కూడా ఆ చప్పుడు గ్యారేజీ గేటు దాటగానే ఆగిపోయింది.

ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ డ్యాష్‌బోర్డు లోపల ఎవరో చెంచాతో డబ్బా కొడుతున్నట్టు టకటకా మోగుతూనే ఉంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు పక్క బండాయన అద్దం దించి మరీ చూశాడు. తీరా గ్యారేజీ సిమెంటు నేల మీద చక్రాలు పెట్టేసరికి ఆ హీటర్ ఫ్యాను, చుట్టాల ముందు బుద్ధిగా కూర్చున్న పిల్లలా, నోరు మూసుకుని మెత్తగా తిరగడం మొదలుపెట్టింది. ముందు సీట్లో ఉన్న టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"చూశావా దీని వేషాలు!" అని డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"అమ్మా, అది ఫ్యాను. నీ మీద పగబట్టేంత తీరిక దానికెక్కడిది?" అంటూ కూతురు తాళం మీద చెయ్యి వేసింది.

"ఆపకు, ఆపకు. ఆపితే వాళ్ళు అసలే నమ్మరు."

ఓనరు టీ గ్లాసుతో వచ్చాడు. ఇంకా నలభై నిండని మనిషి. బండి తెచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతు ఒకటి, పనివాళ్ళతో మాట్లాడే గొంతు ఒకటి, రెండూ పక్కపక్క జేబుల్లో పెట్టుకుని తిరుగుతాడు. కిటికీలోంచి తల దూర్చి ఓ నిమిషం విన్నాడు.

"ఏం లేదు కదా ఆంటీ?"

"ఇప్పుడు లేదు బాబూ. ఇప్పటిదాకా ఉంది. మా అమ్మాయిని అడుగు."

"ఉంది," అంది కూతురు.

"ఒక్కసారి విన్నాక చెవిలో అలా ఉండిపోతుంది ఆంటీ. మా అత్తగారికీ అంతే, ఫ్రిజ్ ఆపేసినా మోగుతోందంటుంది." గ్లాసు ఖాళీ చేసి వెనక్కి తిరిగి రెండో గొంతు తీశాడు. "డాక్టరూ! ఇటు రా. మీ పేషెంటు మళ్ళీ వచ్చింది."

షెడ్డు చివర ఒక బండి కిందనుంచి రెండు బూట్లు బయటికొచ్చాయి, ఆ తర్వాత మనిషి వచ్చాడు. గ్యారేజీలో వైర్ల పనీ మోటార్ల పనీ చూసేది అతనే. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు కనక అందరూ డాక్టరంటారు. యాభై దాటాయి. మాట తక్కువ. ఆ తక్కువ మాటే టైలరమ్మకి అతని మీద అనుమానం తెప్పించింది. పని తెలిసినవాడు గలగలా చెప్పాలి గానీ ఇలా నేల చూపులేమిటి? మొదటిసారి తెచ్చినప్పుడు దూదో దుమ్మో ఏదో శుభ్రం చేశానన్నాడు. రెండోసారి ఏకంగా మోటారే మార్చేశారు. చప్పుడు మాత్రం ఇంటికెళ్ళిన మూడో పొద్దుకల్లా మళ్ళీ దిగింది.

డాక్టరు స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. ఒకటో స్పీడు, రెండు, మూడు, నాలుగు. తల అడ్డంగా ఊపాడు. అయినా వదల్లేదు. డ్యాష్‌బోర్డులోని సామాన్ల అర ఊడదీసి, సీటు ముందు మోకాళ్ళు ముడిచి, అరగంట తంటాలు పడి ఫ్యాను బయటికి తీశాడు. పీపాలాంటి చిన్న చక్రం, చుట్టూ సన్నటి రేకులు. ఆ రేకుల మధ్య రెండు వేళ్ళు పెట్టి ఏదో లాగి, అరచేతిలో పెట్టి చూపించాడు. నిమ్మకాయంత బూడిదరంగు ఉండ.

"దూదమ్మా. మొదటిసారి కూడా ఇదే వచ్చింది. మీ ఇంటి దగ్గర ఎలుకలేమైనా ఉన్నాయా? ఇలా తెచ్చి గూడు పెట్టుకుంటాయి."

ఇక చూడాలి టైలరమ్మని.

"ఎలుకలా? మా ఇంట్లోనా? ఊరందరి గుడ్డలూ నా దగ్గరుంటాయి. ఒక్క ఎలుక తిరిగినా ఈ పాటికి నా బతుకు బజారున పడేది. మా ఇంట్లోకి చీమ రావాలన్నా కాళ్ళు తుడుచుకుని రావాలి! పని చేతకాకపోతే చేతకాలేదని చెప్పండి, అంతేగానీ నా ఇంటి మీదికి తోస్తారేం?"

చక్రాలు బిగిస్తున్న వాళ్ళు, రేకు సాగగొడుతున్నవాడు, అందరూ చేతులు ఆపి చూశారు. కూతురు కొంగు లాగింది. ఆమె ఆగలేదు. తెల్లవారుజామున అయిదున్నరకి ఆడపిల్ల ఒంటరిగా బయల్దేరుతుందని, ల్యాబు తరఫున ఇల్లిల్లూ తిరిగి పరగడుపున ఉన్నవాళ్ళ రక్తం తీసుకురావాలని, ఈ చప్పుడు భరించలేక ఫ్యాను ఆపితే ముందద్దం అంతా ఆవిరి కమ్మి దారి కనపడదని, ఏ లారీ వాడో గుద్దేసి పోతే తనకి దిక్కెవరని, అంతా ఒకే ఊపిరిలో చెప్పింది.

ఓనరు ముఖం ఎర్రబడింది. బండి తెచ్చినవాళ్ళ ముందు మాట పడటం అతనికి కొత్త.

"వద్దన్నానా నీకు, ఎదుటివాళ్ళ మీదికి తొయ్యొద్దని? మోటారు మార్చావు, అయినా పోలేదు. ఇప్పుడు ఎలుకలా?" మోటారు మార్చమన్నది ఓనరే. బాగానే ఉంది, ఎందుకు మార్చడమని ఆ రోజు డాక్టరు గొణగడం టైలరమ్మ తన చెవులతో విన్నది. విన్నా ఇప్పుడు గుర్తు చెయ్యాలనిపించలేదు. ఓనరు ఇంకా తగ్గలేదు. "ఇదే ఆఖరు. శనివారానికల్లా ఈ చప్పుడు పోవాలి. పోలేదో, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. అందరూ వింటున్నారుగా?"

దూది ఉండ డాక్టరు అరచేతిలో అలాగే ఉంది. పారేస్తే బాగుండదనుకున్నాడో ఏమో, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంటి సందు తిరుగుతుండగా కూతురు అంది. "అంత మందిలో అలా అనాలా అమ్మా? పాపం, పెద్దాయన."

"నేనేం పొమ్మన్నానా? వాళ్ళ ఓనరు అన్నాడు," అంది టైలరమ్మ. కానీ సీటుబెల్టు తీసేటప్పుడు చెయ్యి సరిగ్గా ఆనలేదు, రెండుసార్లు నొక్కింది.

*

గురువారం తెల్లవారుజామున టైలరమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది. పనిలోకి అమ్మని వెంటేసుకుని తిరిగితే నవ్వుతారని కూతురు ఎంత చెప్పినా వినలేదు. స్వెటరు మీద స్వెటరు వేసుకుని, చెవులకి శాలువా చుట్టుకుని, కూతురి కంటే ముందే బండి దగ్గర నిలబడింది.

బండి మీద మంచు పేరుకుంది, కానీ ముందద్దం మీద లేదు. అక్కడ టైలరమ్మ కుట్టిన గుడ్డ కప్పు ఉంది. చలి మొదలయ్యాక ఓ రోజు కూతురు అద్దం మీద మంచు గీకలేక వేళ్ళు కొంకర్లు పోయి ఏడుపు మొహంతో రావడం చూసి, ఆ వారమే మిగులు గుడ్డలన్నీ కలిపి, మధ్యలో పాత పరుపు దూది పరిచి, ఊదారంగు దారంతో గళ్ళుగళ్ళుగా టాకాలు వేసి కుట్టింది. గాలికి ఎగిరిపోతుందని ఒక భయం, ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంకో భయం. అందుకని రోజూ రాత్రి పడుకోబోయే ముందు తానే వెళ్ళి, కింది అంచు వైపర్ల మీదుగా బానెట్ సందులోకి నాలుగు వేళ్ళ లోతు దోపి, బానెట్ గట్టిగా నొక్కి వస్తుంది. పొద్దున్నే కూతురు ఆ అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజి వెనక సీట్లో పడేసి బయల్దేరుతుంది. ఆ రోజూ అలాగే గుంజింది.

ఫ్యాను వేసిన క్షణం టకటక మొదలైంది.

"ఇదిగో! ఇదిగో వచ్చింది!" టైలరమ్మ ఫోను తీసి ఓనరుకి కొట్టింది. ఏడుసార్లు మోగాక ఎత్తాడు.

"ఆంటీ, టైం ఎంతయిందో చూశారా?"

"విను బాబూ, విను, ఇదిగో," అని ఫోను తీసుకెళ్ళి గాలి వచ్చే కంత దగ్గర పెట్టింది. కాసేపు పెట్టి మళ్ళీ చెవికి ఆనించుకుంది. "విన్నావా?"

"గాలి హోరు తప్ప ఏం లేదు ఆంటీ. సిగ్నల్ బాగోలేదు." పెట్టేశాడు.

"వీడికి చెవుల్లో కూడా దూదే ఉన్నట్టుంది," అంది కూతురు. నవ్వుదామనుకుంది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

పెద్దరోడ్డు ఎక్కేసరికి చప్పుడుకి డ్యాష్‌బోర్డు అదురుతోంది. ఊడి పడుతుందేమో, లోపల వైర్లు తగులుకుని మంటలొస్తాయేమో, తలుపులు బిగుసుకుపోతే ఇద్దరూ లోపలే... "ఆపెయ్, ఆపెయ్," అని టైలరమ్మే అరిచింది. కూతురు ఫ్యాను ఆపింది. రెండు నిమిషాల్లో అద్దం పాలు పోసినట్టయింది. కూతురు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేతి మోచెయ్యితో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ కమ్ముకుంటోంది. టైలరమ్మ శాలువా విప్పి తన వైపు తుడవబోయి, ఎదురుగా ఏదో నల్లగా కదలడం చూసి కెవ్వుమంది. కూతురు బ్రేకు తొక్కింది. బండి అడ్డంగా జారి ఆగింది. ముందు, మూరెడు దూరంలో, సైకిలు మీద పేపర్ల కట్టలు వేసుకున్న ముసలాయన. ఆయన వీళ్ళకేసి ఓ చూపు చూసి, ఏమీ అనకుండా, కట్ట సర్దుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇద్దరూ రోడ్డు పక్కన పది నిమిషాలు కూర్చున్నారు. కూతురు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. రక్తం తియ్యాల్సిన చేతులు.

తొమ్మిదింటికి టైలరమ్మ మళ్ళీ ఫోను చేసింది, ఈసారి గ్యారేజీ నంబరుకి. ఎత్తింది డాక్టరు. గొంతు పోల్చుకుని టైలరమ్మ తడబడింది.

"ఓనరు గారు లేరమ్మా. చప్పుడేనా?"

"మీ వాళ్ళకి వినపడదు లెండి."

"ఒక్క మాట చెప్పండి. బండి రాత్రంతా చలిలో ఉన్నప్పుడే వస్తోందా? వెచ్చబడ్డాక పోతోందా?"

ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న. "ఆ... పావుగంటో ఇరవై నిమిషాలో. తర్వాత దానంతటదే పోతుంది."

"మీరు ఇక్కడికి వచ్చేసరికి ఆరిపోతోందన్న మాట. అందుకే దొరకట్లేదు." అటునుంచి స్పానరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "రేపు పొద్దున బండి కదపకండి. నేను అయిదింటికి మీ ఇంటికొస్తాను. ఇక్కడ మాత్రం ఏమీ అనకండి. ఇళ్ళకెళ్ళి చెయ్యడం మా ఓనరుకి ఇష్టం ఉండదు."

*

అయిదుకి ఇంకా అయిదు నిమిషాలుండగానే సందులో మోపెడ్ చప్పుడైంది. టైలరమ్మ గబగబా వెళ్ళి బండి మీది కప్పు లాగేసి లోపల కుట్టుమిషన్ మీద పడేసింది. ఇన్ని రంగుల అతుకులు పరాయి మనిషి కంట పడితే ఏమనుకుంటాడని, అంతే.

డాక్టరు మఫ్లరు విప్పకుండానే బండి దగ్గరికొచ్చాడు. కూతురు దీపం పట్టుకుంది. తలుపు తెరిచి, లోపలికి వంగబోయి ఆగాడు.

"మొన్న ఎలుకలని తప్పు మాటన్నానమ్మా. ఏమీ అనుకోకండి."

"అయ్యో, దానికేముంది అన్నయ్యా," అంది టైలరమ్మ. ఆ అన్నయ్య అనే మాట ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

తాళం సగం తిప్పి ఇంజను లేకుండా ఫ్యాను ఒక్కటీ వేశాడు. టక్. టక్. టకటకటక. స్క్రూడ్రైవర్ కొన డ్యాష్‌బోర్డు కింద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటిసారిగా అతని ముఖంలో వెలుగు కనిపించింది.

"ఉంది. ఉందమ్మా. మోటారులో కాదు, చక్రంలోనే. బరువు ఒక పక్కకి లాగుతోంది."

ఆ ఒక్క 'ఉంది'తో టైలరమ్మకి ప్రాణం లేచి వచ్చింది. నెల నుంచి తనని పిచ్చిదాన్ని చేసిన చప్పుడు, ఇంకొకరికి వినిపించింది.

అతను సీటు వెనక్కి జరిపి వెల్లకిలా దూరాడు. కాళ్ళు బయట, తల సామాన్ల అర కింద. మూడు స్క్రూలు. ఒక్కోటీ తీసి నోట్లో పెట్టుకుంటున్నాడు, పోకుండా. కనెక్టరు క్లిక్కుమంది. చక్రాన్ని రెండు చేతులతో దించుకుని గుమ్మం దీపం కిందికి తెచ్చాడు. రేకుల మధ్య దూది, ఈసారి తెల్లగా, మంచునీళ్ళు పీల్చి ముద్దగా, బరువుగా ఉంది.

"తడిసినంతసేపూ బరువెక్కి కొట్టుకుంటోంది. హీటరు వేడికి ఆరాక తేలికై రేకులకి అంటుకుపోతోంది. చప్పుడు పోతోంది." ముద్దని వేళ్ళతో విడదీశాడు. అందులోంచి జానెడు దారం వచ్చింది.

ఊదారంగు దారం.

మామూలు దారం అయితే తిన్నగా వేలాడేది. ఒకసారి మిషన్ మీద కుట్టిన దారం ఊడినా ఆ వంపులు పోవు. సన్నగా, అలలు అలలుగా ఉండిపోతుంది. టాకాకీ టాకాకీ మధ్య ఎంత ఎడముందో దాన్ని చూసి చెప్పొచ్చు. టైలరమ్మ చూడగానే చెప్పగలదు. స్కూలు యూనిఫారాలకి తెచ్చి మిగిలిన దారం. ఆమె చెయ్యి. ఆమె కుట్టు.

బానెట్ సందులో నాలుగు వేళ్ళ లోతు దోపిన అంచు, రోజూ గుంజుడికి కుట్టు విడిపోయి, వైపర్ల కింద ఫ్యానుకి గాలి లాగే జాలీలోకి రాలుతున్న దూది, ఒక్కటొక్కటిగా కళ్ళ ముందు కదిలాయి. నోరు తెరిచింది. పక్కనే కూతురుంది. 'అంత మందిలో అలా అనాలా అమ్మా' అన్న కూతురు. నోరు మూసుకుంది.

డాక్టరు దారాన్ని దీపం వెలుగులో ఒకసారి చూశాడు. చక్రం తుడిచి, వేలితో తిప్పి చూసి, మళ్ళీ బిగించాడు. తర్వాత బానెట్ తెరిచి, తమకి వీపు పెట్టి చాలాసేపు వంగి ఏదో ఏరాడు, గుడ్డతో తుడిచాడు. ఫ్యాను వేస్తే గాలి తప్ప చప్పుడు లేదు. కూతురు నవ్వుతూ రెండు చేతులూ గాలి దగ్గర పెట్టింది.

"వైపర్ల కింద ఆ జాలీ మీద ఏమీ పడకుండా చూసుకోండమ్మా. ఆకులూ అవీ," అన్నాడు డాక్టరు.

ఆకులన్నాడు. అంటే తెలియలేదు. టైలరమ్మ ఊపిరి వదిలింది. టీ పెడతానంటే, ఎనిమిదికల్లా గ్యారేజీలో ఉండాలని వద్దన్నాడు. మోపెడ్ సందు తిరిగే దాకా ఆమె గుమ్మంలోనే నిలబడి, లోపలికెళ్ళి కప్పు తీసి చూసింది. కింది అంచున బెత్తెడు మేర కుట్టు నోరు తెరుచుకుని ఉంది. మడిచి బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద పెట్టేసింది.

అక్కడితో ఊరుకుంటే ఏమయ్యేదో. ఊరుకుంటే ఆమె టైలరమ్మ ఎందుకవుతుంది? చేతి పనిలో ధ్యాస నిలవలేదు. ఒక కాలరు తిరగేసి కుట్టింది, విప్పింది. శనివారం వస్తోంది. ఓనరు మళ్ళీ అతన్ని ఏమైనా అంటే? అతని ఇంట్లో ఎవరున్నారో? చదువుకునే పిల్లలేమో. మంచాన పడ్డ తల్లేమో. తన నోటి మూలంగా ఇంత పెద్ద వయసులో ఏ గ్యారేజీ గుమ్మం తొక్కుతాడు? మధ్యాహ్నానికి తట్టుకోలేక ఓనరుకి ఫోను చేసింది. దూది సంగతి చెప్పక్కర్లేదు, చప్పుడు పోయిందని ఒక్క ముక్క చెబితే చాలు, గండం గడిచిపోతుందనుకుంది.

"బాబూ, ఆ చప్పుడు పూర్తిగా పోయింది. మీ డాక్టరు బంగారంలాంటి మనిషి. ఆయన్ని ఏమీ అనకు."

"పోయిందా? ఎలా పోయింది? బండి ఇక్కడికి రాలేదుగా?"

"అది... వెచ్చబడితే పోతుందని..."

"ఆంటీ."

"పొద్దున్నే ఓసారి వచ్చి చూశాడులే పాపం," అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

అటు నుంచి వచ్చింది రెండో గొంతు. ఆమెతో ఆ గొంతులో మాట్లాడటం అదే మొదలు. "నా గ్యారేజీకి వచ్చిన బండిని నాకు చెప్పకుండా ఇంటికెళ్ళి చేసొస్తున్నాడన్న మాట. సొంత బేరాలు. మంచి పని చేశారాంటీ, చెప్పి. రేపటితో ఆయనకిక్కడ ఆఖరు."

"అది కాదు బాబూ, అసలు..." అనేలోగా పెట్టేశాడు. మళ్ళీ కొట్టింది. ఎత్తలేదు. ఎనిమిదిసార్లు కొట్టింది.

*

శనివారం కూతురు పని ముగించుకుని తొమ్మిదింటికి ఇంటికొచ్చేసరికి టైలరమ్మ చీర మార్చుకుని, కప్పు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. రాత్రి నిద్ర లేక కళ్ళు వాచిపోయాయి.

"ఇదెక్కడ పెట్టావమ్మా? పొద్దున అద్దం గీకలేక చచ్చాను. ఏమైంది?"

"గ్యారేజీకి పోనియ్. దారిలో చెబుతా."

చెప్పింది. కూతురు వింటూ వింటూ బండి పక్కకి తీసి ఆపింది. కోప్పడుతుందనుకుంది టైలరమ్మ. నవ్వుతుందనుకుంది. కూతురు రెండూ చెయ్యలేదు. కప్పు కింది అంచు పట్టుకుని చిరుగులో వేలు పెట్టి చూసి, "రోజూ గుంజింది నేనేగా," అంది.

"నోరు మూసుకుని పోనియ్. దోపింది నేను, అరిచింది నేను."

గ్యారేజీలో డాక్టరు ఒక తెల్లబండి డ్యాష్‌బోర్డు విప్పి, లోపల్నుంచి వేలాడుతున్న వైర్లకి రంగు టేపు ముక్కలు అంటిస్తున్నాడు. పక్కన బ్రేకుల పని చేసే కుర్రమేస్త్రీ తల గోక్కుంటూ నిలబడ్డాడు. "ఎర్రది లైట్లకి. పసుపు ఫ్యానుకి. ఈ రెండూ కలపకు, కాలిపోతుంది." వెళ్ళిపోయేవాడు అప్పగింతలు పెడుతున్నాడని టైలరమ్మకి చూడగానే అర్థమైంది. అతని పనిముట్ల సంచి, మూతి కట్టి, తలుపు పక్కన ఉంది. తల కొట్టేసినట్టయింది.

ఓనరు ఎదురొచ్చాడు. "ఇంకా ఏముందాంటీ?"

ఆమె కప్పు తీసి, అక్కడున్న బల్ల మీద స్పానర్ల మీదే పరిచేసింది. ఎరుపూ పచ్చా నీలం అతుకులు, వాటి మీద ఊదారంగు గళ్ళు. అంచు ఎత్తి దులిపింది. దూది నేల మీద రాలింది.

"ఇదీ మీ ఎలుక," అంది. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయి ఈ ఒక్కటే మిగిలింది. "నేను కుట్టాను. నేనే బానెట్ సందులో దోపాను. దూది ఫ్యానులో పడింది. ఆయన మొదటే చెప్పాడు, నేను ఒప్పుకోలేదు. మొన్న ఇక్కడ ఎంత మంది ముందు అరిచానో అంత మందీ ఉన్నారా? ఉంటే వినండి."

రేకు కొట్టేవాడు సుత్తి దించాడు. ఓనరు కప్పునీ ఆమెనీ చూసి పకపకా నవ్వాడు. తనతో ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"సరే ఆంటీ, మీ పొరపాటు మీరు ఒప్పుకున్నారు, మంచిది. కానీ ఆయన చేసింది వేరే. నాకు చెప్పకుండా బయట పని చేశాడు."

"నా ఇంట్లో గ్లాసుడు టీ కూడా తాగలేదు బాబూ. బయట పనేంటి? శనివారానికల్లా చప్పుడు పోవాలన్నది ఎవరు? నువ్వు. ఇవాళ ఏ వారం?" వేలు తలుపు బయట ఉన్న తమ బండి వైపు చూపించింది. "వెళ్ళి విను. మోటారు బాగుంది మార్చొద్దని అన్నది కూడా ఆయనే, నా చెవులతో విన్నాను. మొన్న అది చెప్పకుండా మింగేశాను. అదీ నా తప్పే."

ఓనరు బయటికి వెళ్ళలేదు, వినలేదు. చేతులు నడుము మీద పెట్టుకుని రేకు పైకప్పు వైపు చూశాడు. మాట వెనక్కి తీసుకునే అలవాటు లేని మనిషికి ఏ దారిలో వెనక్కి నడవాలో తెలియడం లేదు. కాసేపటికి గిర్రున తిరిగి బ్రేకుల కుర్రమేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు.

"నీకా వైర్లలో ఏం పనిరా? అక్కడ రెండు బండ్లు చక్రాలు లేకుండా పడి ఉంటే ఎవడు చూస్తాడు? లే అక్కణ్ణుంచి. ఎవడి పని వాడు చూసుకోండి." డాక్టరు వైపు మాత్రం చూడలేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కుర్రమేస్త్రీ బతికిపోయినట్టు పరుగెత్తాడు. అందరి సుత్తులూ మళ్ళీ మోగాయి.

డాక్టరు లేచి, సంచి తెచ్చుకుని, ముడి విప్పి, కటింగ్ ప్లయరు తీసుకున్నాడు. టైలరమ్మ కప్పు మడుస్తూ దగ్గరికి వెళ్ళింది. క్షమించమని అడగాలని ఉంది, ఆ మాట ఎప్పుడూ వాడక నోరు తిరగడం లేదు.

"మీకు... నిన్న తెలియలేదు కదా అన్నయ్యా?"

"బానెట్ తెరిచినప్పుడే తెలిసింది. సందులో ఇంకా నాలుగు పోగులున్నాయి, అదే రంగువి. మీ అమ్మాయి చూడకుండా తీసేశాను."

ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గు కాస్తా కోపమై పొంగింది. "అయితే ఒక్క మాట చెబితే ఏం పోయింది? నాకు కాకపోతే మీ ఓనరుకైనా? పని పోతుంటే వైర్లకి టేపులు అంటిస్తూ కూర్చుంటారా ఎవరైనా?"

డాక్టరు తల ఎత్తాడు. అతని గొంతులో కొంచెం విసుగుంది. వారం రోజుల్లో మొదటిసారి.

"చెప్పాను కదమ్మా. మొదటి రోజే చెప్పాను. దూది అని."

టైలరమ్మని కాళ్ళు వెళ్ళిపొమ్మంటున్నాయి, అయినా కదలలేదు. అతను డ్యాష్‌బోర్డు లోపలికి తల దూర్చి, వైర్లు వేళ్ళతో వేరు చేస్తూ, కుర్రమేస్త్రీ కోసం చెయ్యి వెనక్కి చాచాడు. అక్కడ ఎవరూ లేరు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"దీపం కాస్త ఇటు పట్టండి," అన్నాడు చివరికి.

టైలరమ్మ కప్పుని చంకలో ఇరికించుకుని, నేల మీది దీపం తీసి, లోపలికి వంగి పట్టుకుంది. లోపల ఎన్ని వైర్లో. ఇందులో ఏది దేనికి తగిలినా ఏమవుతుందో. చెయ్యి వణికింది, వెలుగు అటూ ఇటూ ఊగింది.

"కదపకండమ్మా."

"కదపట్లేదు," అంది. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుంది. బయట కూతురు రెండుసార్లు హారను కొట్టింది. ఆమె తల తిప్పలేదు.